గంప కింద చోటు

గంప ఎత్తగానే మిగతా కోళ్ళన్నీ రెక్కలు దులుపుకుంటూ పెరట్లోకి పరుగెత్తాయి. ఎర్రపెట్ట మాత్రం రెక్కలు వేలాడేసి అక్కడే కూర్చుంది. కుమారి చీపురు పడేసి దాన్ని ఒళ్ళోకి తీసుకుంటే ఈకల కింద ఎముకలు చేతికి గుచ్చుకున్నాయి. నిన్నటిదాకా నూకలు చల్లితే అందరికంటే ముందు ఎగబడిన కోడి. తిన్నదంతా ఏ గంగలో కలిసినట్టు?

"పోయేలోపల కోసెయ్యే, కూరైనా అవుతాది" అంది అరుగు మీంచి అత్త జగ్గమ్మ. పళ్ళు తోముకుంటున్న మొగుడు అప్పలసూరి తలూపాడు. తల్లీకొడుకులు ఒక మాట మీదుండేది ఇలాంటప్పుడే. ఎన్నడూ ఎదురు చెప్పని కుమారి, అది తన కోడి కాదంది. నిజమే, అది తోటికోడలు నీలవేణిది. పుట్టింటి నుంచి గుప్పెడంత పిల్లగా తెచ్చి పెంచుకుంది. రెండు నెలల కిందట ఆ పుట్టింటికే, రామతీర్థం పక్క ఊరికి, కోడిని వదిలేసి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ పేడ, గడ్డి, పొలానికి కారేజీ, అత్తకి వేణ్ణీళ్ళు అన్నీ కుమారి మీదే పడ్డాయి. పని చెయ్యదని పేరుపడ్డ మనిషి ఎంత పని చేసేదో ఆమె వెళ్ళాక గానీ తెలియలేదు. ఊడ్పులు దగ్గరపడేసరికి మగవాళ్ళకీ తెలిసింది. నీలవేణిని వెళ్ళి తీసుకొచ్చెయ్యమని అప్పలసూరి కుమారిని నాలుగు రోజులుగా పోరుతున్నాడు. నీలవేణి మొగుడు ధనరాజ్ సాలూరు లారీల మీద తిరుగుతూ, వదిన చెబితే వింటాదని ఫోన్లోనే బాధ్యత తీర్చేసుకున్నాడు.

కుమారి కోడిని సంచిలో పెట్టి, తల బయటికుంచి, పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళింది. డాక్టరమ్మ కోడి నెత్తి మీద పాలిపోయిన జుట్టు చూసింది, రెట్ట చూసింది.

"కడుపులో పాములమ్మా. ఇది తిన్నది అవి తినేస్తున్నాయి. ఆకలి వేస్తుంది, ఒంటికి పట్టదు."

కుమారి చేతిలో సంచి బరువెక్కింది. నీలవేణీ అంతే. తినేది, చిక్కిపోయేది, నాలుగు బిందెలు మోసి ఆయాసంతో నూతి గట్టున కూలబడేది. రెండో పంట నూర్పిళ్ళయ్యాక చుట్టాలందరికీ భోజనాలు పెట్టిన రోజున, "మా నీలవేణికి రెండు కంచాలు సాలవు, ఒక బిందె ఎత్తనేదు" అన్న మాట అత్తది కాదు, కుమారిదే. అందరూ నవ్వారు. నీలవేణి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కుంది. మర్నాడే పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకంది ఆ మాట? పదిహేనేళ్ళు తన మీద ఆడిన జగ్గమ్మ నోరు ఆ పిల్ల మీదికి మళ్ళాకే కుమారికి ఊపిరాడింది. ఆ నోరు మళ్ళీ ఇటు తిరక్కుండా తనూ ఒక మాట కలిపింది. సిగ్గుపడాల్సిన సంగతి ఇదే. తర్వాత పుట్టింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం ఆరు పాయింట్లే ఉందన్నారు, కడుపులో పాములన్నారు. ఆ కబురు ఫోన్లో వచ్చినప్పుడు జగ్గమ్మ, పుట్టింటోళ్ళు ఏదో ఒకటి సెప్తారులే అని కొట్టిపారేసింది. కుమారి అక్కడే నిలబడి కూడా నోరెత్తలేదు.

డాక్టరమ్మ గంప ఎక్కడ పెడతారని అడిగింది. దడి పక్కన, తాను కాపురానికి రాకముందు నుంచీ ఒకటే చోట. కదిపితే ఇంటి సిరి కదులుతుందని అత్త కదపనివ్వదు.

"మందు ఒక్కటే చాలదు. ఆ మట్టి నిండా ఆ పాముల గుడ్లుంటాయి. బాగుచేసి మళ్ళీ అక్కడే మూశావంటే మొదటికే వస్తుంది."

ఇంటికొచ్చి కుమారి ఎర్రపెట్టని వంటింటి అరుగు మీద విడిగా పొడిగోనె మీద ఉంచింది. డాక్టరమ్మ చెప్పిన లెక్కన మందు చుక్కలు వేసింది. నూకల్లో మునగాకు కలిపి పెట్టింది. కోడికి ఇంత సాకిరీ సేస్తాది గానీ నా కాళ్ళు పట్టడానికి తీరిక నేదంది జగ్గమ్మ. ఆరో రోజున జుట్టులోకి కాస్త ఎరుపొచ్చింది. ఎర్రపెట్ట లేచి కుమారి వేలు పొడిచింది. ఆ నొప్పికి కాదు గానీ కుమారికి ఏడుపాగలేదు. ఇందులో పావువంతు ఆ పిల్లకి చేసి ఉంటే.

ఆదివారం కోడిని సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. నీలవేణి గుమ్మంలోనే ఉంది, కాళ్ళ దగ్గర సర్దిన బ్యాగు. కోడిని చూసి గుండెలకి హత్తుకుంది.

"ఆయన ఫోన్ సేసేరక్కా. ఊడ్పులంట గదా. ఈసారి బాగా పని సేస్తాన్లే."

"ఆ రోజు అంత మాట అన్నది నేనే. నీకు రోగమని తెలిసినాక కూడా నోరు ఎత్తనేదు" అంది కుమారి. వంగి బ్యాగు తీసి లోపలి గదిలో పెట్టొచ్చింది. కోడికి రెండో మోతాదు ఎప్పుడెయ్యాలో చెప్పింది. నీలవేణిని కూడా తన బిళ్ళలు తప్పకుండా వేసుకోమంది. కుమారి బయల్దేరేటప్పుడు నీలవేణి ఆమె చెయ్యి చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం ఖాళీ సంచితో ఇల్లు చేరింది. తల్లీకొడుకులు అరుగు మీద ఎదురుచూస్తున్నారు. కుమారి తిన్నగా పెరట్లోకి నడిచి, దడి పక్కనున్న గంపని ఎత్తి తీసుకెళ్ళి పెరటి అవతలి మూల ఎండ తగిలే చోట పెట్టింది. ఇంటి సిరి ఏటవుతాదే అని జగ్గమ్మ లేచింది. అప్పలసూరి వీధి వైపు ఒకసారి చూసి, నీలవేణి ఏదన్నాడు.

"రాదు. నేనే రావద్దన్నాను."