రాగి గదిలో తొమ్మిదో నంబరు

నేను ముప్పై ఏళ్లుగా చెప్పులు, బూట్లు అమ్ముతున్నాను. మనిషి గడప దాటుతుండగానే కాలి సైజు చెప్పగలను. కొంటాడా, ఊరికే చూసిపోతాడా అన్నది ఇంకో రెండు నిమిషాల్లో చెప్పగలను. పార్ట్‌టైం పని కావాలంటూ వచ్చిన ఆ హైస్కూలు పిల్ల విషయంలో సైజు సరిగ్గానే పట్టాను. అయిదు. మిగతా లెక్కంతా తప్పింది.

ఆ రోజు వాళ్లమ్మ కూడా వచ్చింది. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. మాట కూడా కొలిచి ఇస్తుంది.

"అన్నయ్యగారూ, ముందే చెబుతున్నా. దీనికి కెమిస్ట్రీలో నలభై రెండొచ్చాయి. వచ్చే పరీక్షలో అరవై దాటితే పనిలో ఉంటుంది. దాటకపోతే ఆ రోజే మాన్పించేస్తా. అప్పుడు నన్నేమీ అనుకోకూడదు."

"అనుకోనమ్మా," అన్నాను. అప్పటికే నా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. స్టోర్ రూము మేడమీద ఉంది. మెట్లెక్కి దిగే కాళ్లు నాకు వెంటనే కావాలి.

పిల్ల ఒక కాగితం తీసి కౌంటరు మీద పరిచింది. వారమంతా గళ్లు గీసి నింపుకుంది. బడి, చదువు, షాపు, నిద్ర. శనివారం రెండు నుంచి అయిదు దాకా ఉన్న గడిలో మాత్రం ఏమీ రాయలేదు.

"ఇది మర్చిపోయావా?"

"లేదంకుల్. అది ఖాళీ."

"ఖాళీలో ఏం చేస్తావు?"

"ఏం చెయ్యాలో ముందే రాసేస్తే ఇంక ఖాళీ ఎలా అవుతుంది?"

ఖాళీ అర కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. అద్దె కట్టే చోట జానెడు జాగా వృథాగా ఉన్నా నాకు నిద్రపట్టదు. పైగా శనివారం మధ్యాహ్నం నా షాపులో ఊపిరి సలపని సమయం. బుధవారం రావక్కర్లేదని చెప్పి ఆ శనివారం గడి రాయించుకున్నాను. బుధవారం సాయంత్రం మీద వాళ్లమ్మ అక్కడికక్కడే ట్యూషన్ అని రాసింది. ఇద్దరం పెద్దవాళ్లం బేరం బాగా కుదిరిందనుకున్నాం. పిల్ల కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

క్షణం నిలబడేది కాదు. కౌంటరు దగ్గర కూర్చునే మా ఆవిడ బొంగరం అని పేరు పెట్టేసింది. నేను కింద నుంచి "నల్లవి, ఏడు" అని కేక వేస్తే, కొనేవాళ్లు సాక్సు విప్పేలోపు డబ్బాతో దిగేది. రెండు నెలలు నేను మేడ మెట్టు ఎక్కలేదు.

ఒకరోజు షట్టర్ దించుతూ, "ఇంత చదువు నెత్తిన పెట్టుకుని ఈ పనెందుకే నీకు?" అని అడిగాను.

"ఇంట్లో నేను చిన్నదాన్ని, అన్నీ అక్క తర్వాతే. బళ్లో నలభై మందిలో ఒకదాన్ని. ఇక్కడ నేను ఒక్కరోజు రాకపోతే మీకు పని ఆగుతుంది."

"ఆగదు," అన్నాను. పనివాళ్ల ముందు అలాగే అనాలి.

పరీక్ష సోమవారమనగా శుక్రవారం నాడు నా దగ్గరికి వచ్చింది. "రేపు సెలవు కావాలంకుల్."

లోపల లెక్క వేసుకున్నాను. ఒక శనివారం పోతుంది, నిజమే. అరవై దాటితే ఏడాది పొడుగునా ఈ కాళ్లు నాకుంటాయి. "తీసుకో. బాగా చదువుకో."

"థాంక్యూ అంకుల్," అంది. చదువుకుంటానని మాత్రం అనలేదు. ఆ సంగతి నాకు మర్నాడు గుర్తొచ్చింది.

మర్నాడు రెండున్నరకి ఒకాయన వచ్చి గోధుమరంగు తోలు బూట్లు, తొమ్మిదో నంబరు అడిగాడు. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టునూ తిట్టుకుంటూ పైకెళ్లాను. గోడ పొడవునా ఉన్న ర్యాకు నాదే. అడ్డంగా ఏడు అరలు, ఒక్కో అరలో పద్దెనిమిది గదులు, పైన మధ్యలో కిటికీ. సరుకు మాత్రం నేను పెట్టిన చోట ఒక్కటీ లేదు. ప్రతి గది మీదా సుద్దముక్కతో ఒకటో రెండో ఇంగ్లీషు అక్షరాలు, మూలన చిన్న అంకె. నా షాపులో నేనే దారి తప్పాను.

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"గోధుమరంగు తోలువి, తొమ్మిది. ఎక్కడ పెట్టావే?"

"రాగిలో చూడండంకుల్. నాలుగో అర, ఎడమ నుంచి పదకొండో గది."

"రాగేమిటి?"

"రంగు అదేగా. గుర్తుంటుందని."

ఉన్నాయి. ఆయన కొన్నాడు. మరుక్షణమే స్టీలు ముక్కున్న ఫ్యాక్టరీ బూట్లకి ఇంకొకాయన. మళ్లీ మెట్లు, మళ్లీ ఫోను.

"ఇనుము. అదే అర, ఎనిమిదోది."

పెళ్లికెళ్లే అమ్మాయికి మెరిసే చెప్పులు. "వెండి. రాగికి సరిగ్గా కింద." అంతకంటే ఖరీదైనవి. "బంగారం. వెండికి కింద." రెండేళ్లుగా ఎవరూ ముట్టని ఊదారంగు సరుకు కుడిచివర గదుల్లో ఉంది. అక్కడే ఎందుకని అడిగాను.

"ఆ వరసలోవి ఎవరితోనూ కలవవంకుల్. మీరే అన్నారుగా, అవి ఏ కాలికీ అతకవని."

"ఇదంతా ఎప్పుడు చేశావు?"

"బేరాలు లేనప్పుడు. క్లాసు గోడ మీదుండే మూలకాల పటం అచ్చం ఇలాగే ఉంటుంది. పైన మధ్యలో ఖాళీ. మీ కిటికీ ఉంది కాబట్టే కుదిరింది."

అప్పుడే ఫోనులోంచి బుడుంగుమని శబ్దం వచ్చింది, వెనకాల అమ్మాయిల నవ్వులు.

"ఎక్కడున్నావే నువ్వు?"

"ఈతకొలనులో అంకుల్. ఫోను గట్టు మీదుంది."

"నేను సెలవిచ్చింది చదువుకోమని."

"మీరిచ్చింది సెలవంకుల్. చదువుకోమన్నది సలహా."

నోటికొచ్చినది అనబోతూ వెనక్కి తిరిగాను. మెట్ల మీద వాళ్లమ్మ నిలబడి ఉంది, చేతిలో కళ్లజోడు పెట్టె. షాపుకెళ్తున్నానని చెప్పి బయల్దేరిన పిల్ల కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిందట. ఇచ్చి వెళదామని వచ్చిందావిడ. కింద మా ఆవిడ పాపం ఏమీ ఎరగకుండా, "బొంగరమా? చదువుకోడానికి సెలవు పెట్టిందిగా," అని చెప్పేసిందట.

మార్కుల దాకా అక్కర్లేదు, ఈ పూటే మాన్పించినా నేను మాట్లాడలేను. రెండు షాపుల మధ్య నిలబడి ఇద్దరు యజమానులనూ మోసం చేసిన పనివాణ్ణి నేనైతే ఉంచుకోను.

ఆవిడ వేలు పెదవి మీద పెట్టుకుంది. ర్యాకు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. సుద్దగీతలు చదివింది. తర్వాత నా చెవిలో, "జింకు అడగండి," అంది.

"జింకు ఎక్కడే?"

"నాలుగులో పన్నెండు. బేరమొచ్చిందా?"

"వచ్చింది," అన్నాను. అబద్ధమేమీ కాదు. "సీసం?"

"ఆరులో పద్నాలుగు. బరువువి, జాగ్రత్త, నడుము పట్టేస్తుంది."

"సోడియం?"

"మూడులో మొదటిది. బడి బూట్లు. పెట్టిన రోజే అయిపోతాయి, అక్కడ ఏదీ ఎక్కువసేపు ఆగదు."

వాళ్లమ్మ అలా పన్నెండు అడిగించింది. మాంగనీసు దగ్గర మాత్రం పిల్ల మూడో అరలో రెండో గది అంది. ఆవిడ అడ్డంగా తల ఊపింది. వెళ్లి తీస్తే అందులో పాపల చెప్పులున్నాయి.

"ఇక్కడ వేరేవి ఉన్నాయే."

నీళ్ల చప్పుడు ఆగింది. "అయ్యో, అది మెగ్నీషియం. మాంగనీసు నాలుగులో ఏడు. ప్రతిసారీ ఇక్కడే బోల్తా పడుతున్నా."

"సోమవారం పడకు," అంది వాళ్లమ్మ, ఫోను దగ్గరికి వంగి.

అటు నుంచి బుడుంగుమని మునిగిన చప్పుడు వినిపించింది.

"ఎంతసేపు ఉంటావో ఉండు నీళ్లలో," అంది ఆవిడ తాపీగా. "అయిదు దాకా నీ టైమేగా. పైకొచ్చాక తల తుడుచుకుని ఇంటికి రా. అబద్ధం సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం."

ఫోను పెట్టేశాక ఆవిడ కళ్లజోడు పెట్టెని రాగి గది అంచున పెట్టింది. "రెండు నెలల ట్యూషన్‌లో ఇంత రాలేదు అన్నయ్యగారూ," అని మెట్లు దిగిపోయింది.

మార్కులు రెండు వారాలకి వచ్చాయి. అరవై ఎనిమిది. కాగితం చూపించడానికి పిల్ల వాళ్లమ్మతోనే వచ్చింది. నేను గళ్ల కాగితం మళ్లీ అడిగి తీసుకున్నాను. శనివారం గడిలో షాపు అన్న మాట కొట్టేశాను. బుధవారం గడి నాకు తిరిగి కావాలన్నాను. వాళ్లమ్మ ఒక్క నిమిషం ఆలోచించి ట్యూషన్ కొట్టేసింది.

"శనివారం మరి మెట్లెవరు ఎక్కుతారంకుల్? పని ఆగదూ?" అంది బొంగరం.

"ఆగుతుంది," ఒప్పుకున్నాను. "కాసేపు ఆగి మళ్లీ నడుస్తుంది."

ఇప్పుడు శనివారాలు నేనే ఎక్కుతున్నాను. ఫోను చెయ్యను. ఇరవై మూలకాల దాకా చూడకుండా చెప్పగలను. కింద నుంచి మా ఆవిడ "ఏమండీ, రాగి, తొమ్మిది," అని కేక వేస్తే కొనేవాళ్లు కాస్త అనుమానంగా చూస్తారు గానీ కొంటారు.

భయమల్లా ఒక్కటే. వచ్చే టర్ము బయాలజీ అట. మొన్న బుధవారం బొంగరం కిటికీ కింద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ర్యాకు వైపు అదే పనిగా చూస్తోంది.

"దాని జోలికి వెళ్లకు," అన్నాను మెట్ల మీద నుంచే.

"చూస్తున్నానంతే అంకుల్," అంది, జేబులో సుద్దముక్క వెతుక్కుంటూ.