నొక్కితే తగ్గే కొలత

నేను ఒక వెర్నియర్ కాలిపర్‌ని. బడిలో మీరు నన్ను చూసే ఉంటారు. ఒక ఉక్కు స్కేలు, దాని మీద జరిగే ముక్క, చివర రెండు దవడలు. ఆ దవడల మధ్య ఏది పెట్టినా దాని మందం వెంట్రుకవాసి తేడా లేకుండా చెబుతాను. అది నచ్చడం, నచ్చకపోవడం మనుషుల గొడవ.

నా మొదటి యజమాని విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు వీర్రాజు. ఇంకాస్త తరగాల్సిన షాఫ్టును ఆ పూటకి కానిచ్చేద్దామని ఆయన నన్ను బిగించి నొక్కేవాడు. ఇనుము ఒప్పుకునేది కాదు. "నీ దుంప తెగ, కాస్త తగ్గి చెప్పొచ్చు గదే!" అని నన్నే తిట్టేవాడు.

వీర్రాజు పోయాక షాపు మూతపడింది. ఆయన అల్లుడు చిట్టిబాబు ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్రయోగశాలలో ఎలుకల్ని చూసుకునేవాడు. అక్కడి బ్యాటరీ కాలిపర్ మాటిమాటికీ మూర్ఛపోతుంటే, నన్ను స్పిరిటుతో కడిగి తీసుకెళ్ళాడు.

అక్కడ నేను కొలవాల్సింది మాంసం. నర్సాపురం సుగుణమ్మకి కడుపులో క్యాన్సర్. ఆపరేషన్లో తీయగలిగినంత తీశారు గానీ, కాలేయానికి పాకింది అలాగే ఉంది. తీసిన గడ్డని చిన్న ముక్కలు చేసి ఎలుకల చర్మం కింద నాటారు. అవి పెరిగాక సగం ఎలుకలకి ఒక మందు, మిగతా సగానికి ఇంకో మందు ఇస్తున్నారు. ఏ మందుకి గడ్డ కుంగితే సుగుణమ్మకి అదే ఎక్కిస్తారు. తప్పు మందు పడితే రెండోది వాడి చూసే ఓపిక ఆవిడ ఒంట్లో ఉండదని డాక్టర్లు ముందే చెప్పారు.

కొలిచేది వాసంతి, అక్కడ పరిశోధన చేసే అమ్మాయి. ఏ ఎలుకకి ఏ మందో కొలిచేవాళ్ళకి తెలియకూడదని అక్కడ నియమం. అందుకే మందులు చిట్టిబాబు ఎక్కించి, పెట్టెలకి పచ్చ చీటీలు, ఎర్ర చీటీలు మాత్రమే అంటించేవాడు. మనుషులు తమ చేతుల్ని తామే నమ్మరన్నమాట! వీర్రాజుని చూసినదాన్ని కనుక, నాకది బుద్ధిమంతుల పనే అనిపించింది.

కానీ వాసంతి వార్డుకి కూడా వెళ్ళేది. సుగుణమ్మ మంచం మీద కూర్చుని లేసు అల్లుతూ ఉండేది. ఒకరోజు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఏ మందైనా ఏయించుకుంటాను గానమ్మాయ్, ఏళ్ళు మొద్దుబారేది మాత్రం ఒద్దు. సూది ఆనకపోతే నేను బతికున్నట్టే కాదు."

ఆ రెండు మందుల్లో ఒకటి వేళ్ళు మొద్దుబారుస్తుంది. రెండోది కడుపు చెడగొడుతుంది. పచ్చ చీటీ పెట్టెల్లో ఎలుకల కింది పొట్టు విరేచనాలతో తడిసి ఉండటం వాసంతి కంట పడింది. పచ్చ చీటీ అంటే కడుపు చెడగొట్టేదని, తెలియకూడనిది తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఆనాటి నుంచి ఆమె చెయ్యి మారింది. ఎర్ర చీటీ ఎలుకని నాతో తాకి వదిలేసేది. పచ్చ చీటీ ఎలుక దగ్గర బొటనవేలు కాస్త బిగిసేది. దొంగబుద్ధి కాదది, ఆశ. ఇనుము ఒప్పుకోని పనికి మాంసం ఒప్పుకుంది. నొక్కితే గడ్డ నానిన బఠాణీలా అణిగేది. అణిగిన కొలతే నేనూ చెప్పాను. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఆఖరి కొలతల రోజు వచ్చింది. మందు ఏదో తేల్చడానికి డాక్టర్లు ఎదురుచూస్తున్నారు. పచ్చ చీటీ గెలిచేలా ఉంది. చివరి పచ్చ చీటీ ఎలుక కీచుమంది. వాసంతి ఉలిక్కిపడి నన్ను లాగేసింది. నూగు కూడా లేని ఆ చర్మం మీద నా దవడల గుర్తులు తెల్లగా పడ్డాయి. ఆమె గబగబా ఒక ఎర్ర చీటీ ఎలుకని తీసి చూసింది. ఏ గుర్తూ లేదు. నన్ను బల్ల మీద పెట్టేసింది.

"చిట్టిబాబుగారూ, నా కొలతలు పనికిరావండి. పైనుంచి ఎవర్నైనా పిలవండి. చీటీలు కనపడనివ్వకుండా మీరే ఒక్కొక్కటీ అందించండి."

"ఏమైందమ్మా?"

"నేను నొక్కాను."

చీటీల సంగతేమీ తెలియని ఒకావిడ వచ్చి మళ్ళీ కొలిచింది. పచ్చ చీటీ గడ్డలు పెద్దగా తగ్గలేదు. ఎర్ర చీటీవి వాటికన్నా కాస్త ఎక్కువే ముడుచుకున్నాయి.

ఆ పూటే చిట్టిబాబు కొత్త కాలిపర్ తెప్పించాడు. నన్ను స్పిరిటుతో కడిగి, కోటు జేబులో వేసుకుని వాసంతి వార్డుకి వెళ్ళింది. ఉన్నదున్నట్టు చెప్పింది. సుగుణమ్మ చాలాసేపు దారం సూదికి చుడుతూ కూర్చుంది.

"అయితే నా ఏళ్ళు పోతాయన్నమాట."

"అందరికీ పోవండి. ముందే చెప్పలేం."

"జేబులో అదేంటది?"

వాసంతి నన్ను తీసి ఆవిడ చూపుడువేలికి ఊరికే ఆనించింది. "తెలుస్తోందా?"

"తెలుస్తోందమ్మాయ్. సీమ నడిసినట్టుంది."

మందు ఎక్కించిన ప్రతిసారీ అదే ఆట. ఆవిడ కళ్ళు మూసుకుని వేలు చాపేది, నేను తాకేదాన్ని, ఆవిడ తలూపేది.

నిన్న స్కాను వచ్చింది. కాలేయంలో గడ్డ సగానికి పైగా తగ్గింది. వాసంతి నవ్వుతూ మంచం పక్కన కూర్చుంది. సుగుణమ్మ కళ్ళు మూసుకుని వేలు చాపింది. నా దవడలు ఆ వేలిని తాకాయి. ఆవిడ వేలు ఇంకాస్త ముందుకి జరిపింది.

"ఇంకా పెట్టలేదేంటమ్మాయ్?"

వాసంతి నవ్వు ఆగిపోయింది. ఒక్కసారి, ఒక్క పిసరు నొక్కవే తల్లీ అని నా ప్రాణం కొట్టుకుంది.

ఆమె నొక్కలేదు.