వరుసలో చివరివాడు

మా సంఘంలో ప్రభుబల్ల పని ఇరవై రెండేళ్ళుగా నాది. నెలలో మొదటి ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ పరచడం, రొట్టె కోయడం, వెండి పాత్రలో ద్రాక్షరసం పోయడం, ఆరాధన అయ్యాక అన్నీ కడిగి బీరువాలో పెట్టి తాళం వేయడం. వేరే సంఘాల్లో మనిషికో చిన్న గ్లాసు ఇస్తారట. మాకు అలాంటి సోకులు లేవు. అందరికీ ఒకే పాత్ర. పాస్టరు అయ్యగారు పట్టుకుంటారు, వరుసలో వచ్చినవాళ్ళు తలా ఒక గుక్క తాగుతారు, నేను పక్కన నిలబడి అంచు తుడుస్తుంటాను. చివర్న ఎంత మిగిలినా పారబోయకూడదు. ప్రార్థన చేసిన రసం మురుగుకాలవలో కలవకూడదని పెద్దల కాలం నుంచీ ఉన్న కట్టడి. అందుకని బల్ల పని చేసే మనిషే దాన్ని బల్ల వెనక సామాన్లు పెట్టుకునే వెస్ట్రీ గదిలోకి తీసుకెళ్ళి ఆఖరి చుక్క దాకా తాగాలి. అంటే ఇన్నేళ్ళుగా సంఘం మొత్తం ఎంగిలి తాగినదాన్ని నేను. ఏనాడూ మూతి తిప్పలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నాది శుభ్రం పిచ్చి అని మీరు సరిపెట్టుకోకూడదు.

తమ్ముడు నాకంటే పదేళ్ళు చిన్న. అమ్మ పోయాక వాడికి అన్నం పెట్టింది, తల దువ్వింది, వాక్యం నేర్పింది నేనే. వాడు కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు అచ్చు తీసి పంపితే మైనంలో పళ్ళు పేర్చి, అరగదీసి, నునుపు చేసి, బోసినోళ్ళకి మళ్ళీ నమిలే యోగం కల్పిస్తాడు. వాడి పనిగదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా దవడల అచ్చులు, ఒక్కో దాని కింద ఒక్కో పేరు. మా సంఘంలో సగం నోళ్ళు అక్కడే ఉన్నాయి. అందరూ వాణ్ణి పళ్ళాయన అనే పిలుస్తారు. సంఘపెద్దల్లో పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరుగారు, ప్రార్థన చేయడానికి లేచినప్పుడల్లా తమ్ముడి వంక ఒకసారి చూసి దవడ సర్దుకుని గాని మొదలుపెట్టేవారు కాదు.

తమ్ముడితో పాటు ఒకే ఇంట్లో పుస్తకాలు బైండు చేసే మనిషి ఒకడు తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. మాటకి ముందు నవ్వేవాడు, వేళ్ళకి ఎప్పుడూ జిగురు. ఎవరైనా అడిగితే గది పంచుకున్న స్నేహితుడు అని చెప్పేదాన్ని. ఇల్లు సర్దిపెట్టడానికి వెళ్ళినదాన్ని, మంచం ఒకటే ఉందని నాకు తెలియదా? కళ్ళుండీ చూడకపోవడం అక్కలకి పుట్టుకతో వచ్చే విద్య. అడిగితే వాడు చెబుతాడు, చెబితే నేనేదో ఒకటి అనాలి, అంటే తెగిపోతుంది. అందుకని అడగలేదు. అది నా మంచితనం అనుకున్నాను.

ఇద్దరు మగవాళ్ళు కలిసి కాపురం ఉంటే దాన్ని రిజిస్టరు చేసుకోవచ్చని ప్రభుత్వం చట్టం తెచ్చే ఆలోచనలో ఉందని పేపర్లో పడింది. ఆ ఆదివారం అయ్యగారు దాని మీదే ప్రసంగం చేశారు. మనం ఎవరినీ ద్వేషించం, ప్రేమిస్తాం, ప్రేమిస్తున్నాం గనకే వద్దంటున్నాం అన్నారు. ఆరాధన చివర్లో ఆ చట్టం వద్దని రాసిన అర్జీ ఒకటి, దారంతో కట్టిన పెన్నుతో సహా, బెంచీల మీదుగా బయలుదేరింది. మూడో సంతకం నాది. చదివే పెట్టాను.

కాగితం తమ్ముడి దగ్గరికి వచ్చింది. వాడు పైనుంచి కింది దాకా చదివి, సంతకం పెట్టకుండా పక్కనున్న టైలరు పిన్నికి అందించాడు. పెన్ను రాయడం లేదా నాయనా అని ఆవిడ అడిగింది.

"పెన్ను బాగానే ఉంది పిన్నీ. ఇది మా ఇంటి మీద పెట్టిన అర్జీ. నా మీద నేనే ఎలా సంతకం పెట్టుకోను?"

కోపంగా అనలేదట. టైం అడిగితే చెప్పినట్టు చెప్పాడట. టైలరు పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. నేను బీరువాకి తాళం వేసి బయటికి వచ్చేసరికి ఆవరణలో జనం గుంపులుగా నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే అన్ని గుంపులూ ఒకేసారి ఎండ గురించి మాట్లాడటం మొదలుపెట్టాయి.

తరువాతి బల్ల ఆదివారం వాడు రాడనుకున్నారు. వచ్చాడు. ఎప్పటిలాగే వరుస మధ్యలో నిలబడ్డాడు. రొట్టె తీసుకున్నాడు, పాత్రలో ఒక గుక్క తాగి పక్కకి తప్పుకున్నాడు. నేను అంచు తుడిచాను. వాడి వెనకే టైలరు పిన్ని. ఆవిడ రొట్టె తిని, పాత్ర దగ్గరికి రాగానే గొంతు మీద చెయ్యి వేసుకుని, నొప్పిగా ఉందని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకున్న ఆయనకీ గొంతు నొప్పే. ఆయన వెనక మొగుడూ పెళ్ళాలిద్దరికీ అదే. ఉన్నట్టుండి సగం సంఘానికి గొంతులు పట్టేశాయి. హెడ్మాస్టరుగారైతే తమ్ముడు చేసిన పళ్ళతోనే రొట్టె శుభ్రంగా నమిలి, తమ్ముడి పెదవి తగిలిన పాత్రకి మాత్రం తల అడ్డంగా ఊపారు. రాత్రీపగలూ నోట్లో పెట్టుకున్న పళ్ళకి అంటని మైల పాత్ర అంచుకి ఎలా అంటిందో ఆయన్నే అడగాలి.

ఆ రోజు సగానికి పైగా మిగిలింది. వెస్ట్రీలో ఒక్కదాన్నీ నిలబడి, వాళ్ళ మీద కోపంతో గటగటా తాగేశాను. కోపంలో ఏదైనా దిగుతుంది.

ఆ బుధవారం సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. ఐదుగురు పెద్దలు, అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, టీ ఇవ్వడానికి నేను. ఐదుగురిలో ముగ్గురివి తమ్ముడి పళ్ళు. అయ్యగారిది కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వెలివేస్తే పేపరువాళ్ళు వస్తారని భయం. ఉంచితే సగం మంది పక్కవీధి సంఘానికి పోతారని భయం. అయితే అందరికీ విడివిడిగా గ్లాసులు పెడదామని ఒక పెద్ద నసిగాడు. హెడ్మాస్టరుగారు ఒప్పుకోలేదు. అందరూ ఒకే శరీరం అని చెప్పడానికే కదా మన తాతలు ఒకే పాత్ర పెట్టింది, ఒక్కడి కోసం దాన్ని మార్చుకుంటామా అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. పగలబడి నవ్వాల్సిన చోట ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

చివరికి అయ్యగారే పాము చావకుండా కర్ర విరగకుండా దారి కనిపెట్టారు. పళ్ళాయన రావచ్చు, తాగవచ్చు. కాకపోతే వరుసలో చివర్న. మిగిలినదాని సంగతేమిటని ఎవరో అడిగారు. అందరూ నా వైపు చూశారు.

"అక్కగారికి తమ్ముడు పరాయివాడా ఏంటి? మొన్న కూడా తాగారుగా," అంది అమ్మగారు నవ్వుతూ.

ఆ 'మొన్న కూడా' ముల్లులా దిగింది. మన సంఘం అందరినీ సహించే సంఘం అని తీర్మానం రాసుకుని, టీ చల్లారిపోయిందని నన్ను మళ్ళీ పెట్టమన్నారు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఆ సాయంత్రం నాకు తెలిసింది, గుడ్డకి ఒక కొస నేనే పట్టుకున్నాను గనక.

తీర్మానం వినిపించడానికి తమ్ముణ్ణి ఇంటికి పిలిచాను. వాడికి కోపం వస్తుందని, మీరూ వద్దు మీ సంఘమూ వద్దని లేచిపోతాడని ఆశపడ్డాను. అలా అయితే నాకు పీడ వదిలేది. వాడు వంటగదిలో పీట మీద కూర్చుని అంతా విన్నాడు. ఇంత అవమానం పడి రావడం దేనికి, ఇంట్లోనే ప్రార్థన చేసుకోరాదా అన్నాను.

"ఇంట్లో రోజూ చేసుకుంటూనే ఉన్నా. కానీ బల్ల ఇక్కడే ఉంది కదక్కా," అన్నాడు. పీట మీంచి లేస్తూ మళ్ళీ అన్నాడు. "చివర్న నిలబడటం నాకేం చిన్నతనం కాదు. అసలు నేను చివరివాణ్ణి ఎలా అవుతా? నా తరవాత నువ్వు తాగుతావుగా. నువ్వు తాగినన్నాళ్ళూ నేను ఈ సంఘంలో ఉన్నట్టే. ఆ ఒక్కటీ చెయ్యి, చాలు."

ఊఁ అన్నాను. ఇంత చిన్నదానికి అడగాలిట్రా అని కూడా అన్నాను.

ఆ నెల ఎలా గడిచిందో నాకు తెలుసు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. స్త్రీల కూటానికి నేను కోసి పెట్టిన పళ్ళముక్కలు మాత్రం పళ్ళెంలో ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి. టైలరు పిన్ని నా నోరు తేరిపార చూసి, నీకు పుళ్ళేం లేవు కదా అని ఆరా తీసింది. ఎద్దు పుండు కాకికి ముద్దా? అమ్మగారైతే నా చెయ్యి పట్టుకుని, వయసు మీద పడుతోంది, మా చెల్లెలి కూతురికి బల్ల పని నేర్పిస్తే మీకూ సాయంగా ఉంటుందేమో ఆలోచించండి అంది. మొగుడు పోయినప్పుడు కూడా నా గుండె అంతగా జారలేదు. ఆ తెల్లగుడ్డ, ఆ పాత్ర, ఆ బీరువా తాళంచెవి, ఇవి పోతే నేను వెనక బెంచీ ముసలమ్మని, అంతే.

మొదటి ఆదివారం వచ్చింది. తమ్ముడు చివర్న నిలబడ్డాడు. వాడికీ వాడి ముందున్న మనిషికీ మధ్య ఇంకో ఇద్దరు పట్టేంత ఎడం. వాడు తాగాడు. పాత్రలో రెండు గుక్కలు మిగిలాయి. నా వంక చూసి, చిన్నప్పుడు లెక్క సరిగ్గా చేసి పలక చూపించినప్పటిలా నవ్వాడు. నేను పాత్ర పట్టుకుని వెస్ట్రీలోకి నడిచాను.

అక్కడ నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. అమ్మగారు, టైలరు పిన్ని, ఇంకో ఇద్దరు. నలుగురూ కలిసి ఒక్క బల్లగుడ్డ మడత పెడుతున్నారు. గుడ్డ చేతుల్లో ఉంది, చూపులు నా నోటి మీద ఉన్నాయి.

పాత్ర ఎత్తాను. అంచు తుడవడం మరిచిపోయాను, అక్కడ వాడి పెదవి తడి అలాగే ఉంది. వాళ్ళకి భయపడ్డానని చెప్పుకుంటే నాకు తేలిక. కానీ అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, తొమ్మిదేళ్ళు చూడకుండా దాటేసిన ఆ మంచం అప్పుడు కళ్ళముందుకు వచ్చింది, నాకు అసహ్యం వేసింది. వాడు నమలలేక ఉమ్మేసిన ముద్ద నా నోట్లో వేసుకుని వాణ్ణి పెంచినదాన్ని. వాడి తడి నాకు రోత పుట్టింది. చేతులు కడుక్కునే సింకులో పాత్ర వంచేసి కొళాయి తిప్పాను.

అమ్మగారు ఊపిరి వదిలింది. నేను వెనక్కి తిరిగాను. బల్ల మీద మరిచిపోయిన రొట్టెల పళ్ళెం తీసుకుని తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పారబొయ్యకూడదు కదక్కా," అన్నాడు. నన్ను తప్పుపట్టినట్టు లేదు, నాకేదో పాపం చుట్టుకుంటుందని కంగారుపడినట్టుంది.

ఊరుకుంటే సరిపోయేది. కానీ నలుగురి ముందు నేను ఎటువైపో చెప్పాలనిపించింది.

"నీ నోరు తగిలాక అందులో ప్రభువు ఎక్కడుంటాడురా?" అన్నాను.

వాడి మొహం చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. వాడు పళ్ళెం లోపలికి తెచ్చి సింకు పక్కన చప్పుడు కాకుండా పెట్టి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు నా భుజం మీద చేతులు వేశారు. సొంత రక్తం కదా, ఎంత కష్టమో అన్నారు. చెల్లెలి కూతురి మాట అమ్మగారు మళ్ళీ ఎత్తలేదు.

ఇక వాడు రాడని నాకు నమ్మకం. మేమెవరమూ పొమ్మనలేదు, వాడే పోయాడు అని అప్పటికే ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. నెల తిరిగింది. బల్ల దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడి చూద్దును కదా, వరుస చివర, అదే ఎడం వదిలి, వాడు.

రొట్టె తీసుకున్నాడు. అయ్యగారు పాత్ర ముందుకు చాచారు. వాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పాత్రకి తల వంచి, పెదవి ఆనించకుండా పక్కకి జరిగాడు. నా దగ్గరికి వచ్చాక ఆగాడు.

"నేను ముట్టుకోలేదక్కా. నువ్వు తాగొచ్చు," అన్నాడు.

అయ్యగారి మొహం విప్పారింది. ఆ వారం పెద్దలు కూర్చుని, సమస్య ప్రేమతో పరిష్కారమైందని రాసుకున్నారు. ఇప్పటికి పద్నాలుగు నెలలు. ప్రతి బల్లకీ వాడు వస్తాడు, రొట్టె తిని, పాత్రకి తల వంచి వెళ్ళిపోతాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి మా సంఘం సహనం గురించి చెప్పాల్సి వస్తే హెడ్మాస్టరుగారు వాణ్ణే వేలెత్తి చూపిస్తారు.

వాడు మొదటిసారి పాత్ర ముట్టకుండా వెళ్ళిన ఆ రోజు వెస్ట్రీలో నన్ను కనిపెట్టి చూడటానికి ఎవరూ రాలేదు, అవసరం లేకపోయింది. తలుపు వేసుకుని పాత్ర ఎత్తాను. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. కానీ అంతకంటే ముందు, వాడు ముట్టుకోలేదు కదా అని, నాకు హాయిగా అనిపించింది. చుక్క మిగల్చకుండా తాగాను.