బేరం తెగేదాకా పొగడకూడదు

మా మామ చెంగయ్యకు తిరువళ్ళూరులో పచారీ అంగడి ఉంది. ఆ అంగట్లో దేవుడి పటాలు ఎన్నో, నియమం మాత్రం ఒక్కటే. కొనే సరుకును రేటు తెగేదాకా పొగడకూడదు. కందిపప్పు ముత్యాల్లా ఉన్నా సరే, "ఏందిది, పురుగు పట్టినట్టుండాదే" అనాలి. ముఖం కూడా దానికి తగ్గట్టే పెట్టాలి. ఈ విద్యలో మా మామను మించినవాడు బజారులో లేడు. దాన్ని ఆయన అంగట్లో వదిలి ఇంటికొచ్చినా బాగుండేది. పండగనాడు పాయసం గ్లాసు మీద గ్లాసు తాగి, "చక్కెర తక్కువ" అంటాడు. వండింది నేను కాబట్టి నాకు ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషి కారు కొనాల్సి వచ్చింది. మా అత్త కన్యకాంబ పెళ్ళయినప్పటి నుంచి నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు తిరుత్తణి కొండ మీది గుడికి పోయేది. మోకాళ్ళు మొరాయించాక బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. ఆటోవాడు కొండదాకా రానంటాడు, టాక్సీవాడు అడిగేది వింటే దేవుడే రావద్దంటాడు. అయినా కృత్తిక వస్తే చాలు, ఆమె పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని అంగడి పక్కనే ఉన్న మా వీధిగుమ్మంలో కూర్చునేది. ఎక్కడికీ పోదు, ఊరికే కూర్చుంటుంది. మామ మాత్రం చూడనట్టు త్రాసు తుడిచేవాడు. ఒకరోజు తుడవడం ఆపి, "లక్షన్నరలో ఒక కారు చూడ్రా" అన్నాడు నా మొగుడు బాలమురుగన్‌తో.

బ్రోకరు చూపించిన మొదటి కారు తళతళలాడింది. మామ దాని దగ్గర వాసన చూసి, "నూనె పూసిన పప్పు, అంతా పైమెరుపే" అని వెనక్కి తిరిగాడు. రెండోదాన్ని నలుగురు తోస్తే గానీ కదల్లేదు. "మీ అత్త ఎక్కే బండి కావాలమ్మా, మీ అత్త తోసే బండి కాదు" అన్నాడు నాతో.

మూడోది కనకమ్మ సత్రం అనే ఊళ్ళో ధనకోటి నాయుడనే రైతుది. తెల్ల మారుతి. కొడుకు పెద్ద కారు కొనడంతో ఇంటి దగ్గర రెండిటికీ చోటు లేక అమ్ముతున్నాడు. బాలమురుగన్ ముందుగా పోయి నడిపి చూసి, పొంగిపోతూ వచ్చాడు.

"ఒకే చేతి బండి నాయనా, ఇంకొకరి చేతికి మారలేదు! అది నిలిచిన చోట నేల మీద ఒక్క చుక్క ఆయిల్ లేదు."

"ఈ మాట ఆడ అన్నావా?"

"లేదు."

"బతికించినావు."

ఇక మాకు పాఠం మొదలైంది. సీట్లను తిట్టడం నా పని, టైర్లను తిట్టడం నా మొగుడి పని, రేటు మామది. అత్త వస్తానంది గానీ, మేము పోయే ఆటోలోంచి దిగకూడదు. "నువ్వు కుంటేది చూసినాడంటే పదివేలు ఎక్కిస్తాడు" అన్నాడు మామ. అత్త సరేనంది.

మేము పోయేసరికి ధనకోటి తడిగుడ్డతో కారును తుడుస్తున్నాడు. ఎద్దును కడిగినట్టే, చెవుల వెనకాల కూడా వదలకుండా తుడుస్తున్నాడు. ఆయన భార్య మునెమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు దించగానే మేము మొదలుపెట్టాం.

"సీటు గుచ్చుకుంటా ఉంది" అన్నాను. మా ఇంటి సోఫా కంటే మెత్తగా ఉంది, పాపం. నా మొగుడు టైరును కాలితో తన్ని పెదవి విరిచాడు. ధనకోటి చెయ్యి ఆగింది. మామ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"రంగు వెలిసిపోయింది. డోరు వదులు. దీన్ని పాత ఇనుము కొనేవాడు కూడా ఆలోచించి తీసుకుంటాడు. లక్షా పాతిక."

ధనకోటి గుడ్డ భుజాన వేసుకున్నాడు. "మజ్జిగ తాగినారు కదా, పొయ్యిరాండి శెట్టియారే. బండి ఇచ్చేది లేదు."

"లక్షా ముప్పై."

"రేటు కాదయ్యా. నా బిడ్డల్ని బడికి తీసకపొయ్యిన బండి ఇది. ఎద్దునైనా సరే, దాన్ని తిట్టే ఇంటికి మేము అమ్మం. మీ ఇంట్లో అది ఏం సుఖపడతాది?"

తిడితే రేటు దిగాలి గానీ సరుకే చేయిజారడం మామ ఏనాడూ చూడలేదు. నాకు నవ్వొచ్చింది. వెంటనే భయం కూడా వేసింది, ఎల్లుండే కృత్తిక.

"బాగానే ఉండాదిలే" అన్నాడు మామ, చేదు మాత్ర మింగుతున్నట్టు.

"ఆ మాట నోటి చివర నుంచి వస్తా ఉంది" అన్నాడు ధనకోటి.

అప్పుడు ఆటోలోంచి అత్త దిగింది. అందరూ చూస్తుండగా కుంటుకుంటూ వాకిలంతా దాటి వచ్చి, కారు ముందు డోరు తీసి, పక్కకు తిరిగి కూర్చుంది. ఒక్కొక్క కాలే లోపలికి లాక్కుంది. సీటును అరచేత్తో నిమిరింది.

"ఏమండీ, కాలు ఎత్తే పనే లేదు. ఇందులో అయితే నేను కొండకు పోతాను."

మామ ఆమె ముఖం చూశాడు. అంతే, ఆయన నియమం గాలికి పోయింది.

"నాయుడుగారూ, నేను చెప్పిందంతా అబద్ధం. బండి బంగారం. బిడ్డను సాకినట్టు సాకినారు. నాకు ఇది కావాల. మీరు ఎంతంటే అంత."

నా మొగుడు తల పట్టుకున్నాడు. ధనకోటి మాత్రం నవ్వాడు.

"ఎంత తెచ్చినారు?"

"లక్షన్నర."

"అందులో పదివేలు మీరే పెట్టుకోండి. అమ్మను కొండకు తీసకపోను పెట్రోలుకు."

తాళంచెవి ఇస్తూ దాని గొలుసు మాత్రం తీసి రొంటిన దోపుకున్నాడు. ఎద్దును అమ్మినా దాని పలుపుతాడు ఇవ్వరట వాళ్ళు.

కృత్తిక రోజు తిరుత్తణి కొండ మలుపులో కారు కాస్త మూలిగింది. వెనక సీట్లోంచి మామ, "ఎక్కు తల్లీ, నా బంగారమా" అన్నాడు.

ముందు సీట్లో పట్టుచీరలో ఉన్న అత్త తల తిప్పకుండానే అడిగింది. "కారును భలే పొగడతా ఉండారే. నన్ను చూడను వచ్చిన పొద్దు ఏమన్నారో గుర్తుండాదా?"

మా ఇంట్లో అది అందరికీ తెలుసు. పిల్ల పొట్టి, నలుపు అన్నాడు.

మామ తుండుతో కిటికీ అద్దం తుడిచాడు. "బాగుండావంటే మీ నాయన కట్నం దగ్గర బిగుసుకుంటాడనుకున్నా. ఇంటికి పొయ్యి మా అమ్మతో, ఈ పిల్ల కాకపోతే నాకు పెళ్ళే వద్దన్నా."

"ఆ బేరం ఎప్పుడో తెగింది కదా. తెగినాక చెప్పుండొచ్చు కదా?"

"చెప్పుండాల. తప్పే."

అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొండ మీది గుడికి ఇంకో మలుపే ఉంది.

"మెల్లగా పోనీరా" అంది కొడుకుతో. "ఏం తొందర?"