ఎడమవైపు తిత్తి

ఒతీలియాకు మూడో నెల నిండిన వారానికి కాస్త్రో పట్నం ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. బిడ్డ బాగానే ఉంది. ఎడమ అండాశయం మీద మాత్రం పెద్ద బంగాళాదుంపంత నీటితిత్తి కనిపించింది.

"చాలావరకు ఇవి వాటంతటవే తగ్గిపోతాయి. నాలుగు వారాలాగి మళ్ళీ చూద్దాం," అంది డాక్టరు. "ఈలోపు ఆ పక్క మెలిపెట్టినట్టు నొప్పొస్తే ఒక్క గంట కూడా ఆగకు. తిత్తి మెలిపడితే ప్రమాదం. ఇంతకీ నీతో ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదండీ. మా ఆయన ఉత్తరాన రాగి గనిలో ఉంటాడు."

లాంచీలో తన దీవికి తిరిగొచ్చి భర్త ఎరిబెర్తోకు ఫోన్ చేసింది. అతని వెనక ఎవరో నవ్వుతున్నారు.

"తగ్గిపోతుందన్నారుగా, మరింకేం?" అన్నాడు.

భయంగా ఉందని చెబుదామనుకుంది. "ఇక్కడ ఒకటే వాన," అంది.

ఆ నాలుగు వారాలూ కుడివైపుకే తిరిగి పడుకుంది. అలవాటుకొద్దీ ఇద్దరికి సరిపడా దుంపలు ఉడకేసి, మిగిలినవి మర్నాడు చల్లగా తినేది.

రెండో స్కానింగులో తిత్తి ఇంకా పెరిగింది. "ఐదో నెల నిండకముందే తీసేద్దాం, బిడ్డకు ఇదే మంచి సమయం," అని డాక్టరు పదిరోజుల తర్వాతకు తేదీ ఇచ్చింది.

ఆరో రోజు పొద్దున ఒడ్డున నాచు ఏరుతుంటే నొప్పి వచ్చింది. వంగినది వంగినట్టే కూలబడి వాంతి చేసుకుంది. కేక వేస్తే గాలిలో కలిసిపోయింది. సముద్రం పోటెక్కి నీళ్ళు పాదాలదాకా వచ్చాక లేచి, కంచెలు పట్టుకుంటూ కుస్తోదియో ఇంటికి నడిచింది. లాంచీ ఆయనదే.

"ఏంటమ్మాయ్, మొహం అలా పాలిపోయింది?"

"పడవ తియ్యి మామా."

"ఉండు, చొక్కా మార్చుకొస్తా."

"వద్దు మామా."

దారిలో ఏం మాట్లాడాలో ముసలాయనకు తోచలేదు. చచ్చిపోయిన తన ఆడపంది గురించి చెప్పాడు.

"చెబుతూనే ఉండు," అంది ఒతీలియా, పళ్ళు బిగించి.

"అయిపోయిందమ్మా. చచ్చిపోయిందన్నాగా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి ఎక్కువైంది.

ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి, మెలిపడిన తిత్తిని తీసేశారు. ఆపరేషన్ ఒప్పుదల కాగితంలో దగ్గరి బంధువు సంతకం చేసే చోటు ఖాళీగా వదిలేశారు. మెలకువ రాగానే ఆమె చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. నర్సు చిన్న యంత్రం తెచ్చి ఆనించింది. బిడ్డ గుండె వేగంగా, ఎవరి కోసమూ ఆగకుండా కొట్టుకుంటోంది. పక్క మంచం దగ్గర ఒక కుటుంబం గుమిగూడి సూప్ తాగుతోంది. ఆ చప్పుడు వాళ్ళకు వినబడాలని ఒతీలియాకు ఎందుకో అనిపించింది.

మూడోరోజు ఎరిబెర్తో ఫోన్ చేశాడు.

"ఇంత పెద్దదని ముందే చెప్పొచ్చుగా."

"చెప్పాను."



నవంబరులో నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. అతను నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. పిల్లను ఎత్తుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆమె పొట్ట మీది కుట్ల గీతను వేలితో తడిమాడు.

"బాగా నొప్పెట్టిందా?"

"అప్పుడు," అంది.

ఇంకేమైనా చెబుతుందేమోనని అతను చూశాడు. ఒతీలియా లేచి, పిల్ల స్నానానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.