ఏడుపు మీద పాట

చావు ఇంట్లో తగవు మొదలైతే రాజకుమారి ముందు కీబోర్డు మీద చెయ్యి వేసేది, ఆ తర్వాతే తలెత్తి ఎవరు ఎవర్ని తిడుతున్నారో చూసేది. చీపురుపల్లి చర్చిలో ప్రార్థనలు నేర్పే ఉపదేశి కూతురామె. చిన్నప్పటి నుంచీ గుడిలో పాడిన గొంతు. భర్త పోయాక చావులకు పాడడమే జీవనమైంది. గరివిడి నుంచి ఆమదాలవలస దాకా ఆర్సీఎం క్రైస్తవుల ఇళ్ళలో ఎవరు కన్ను మూసినా, ఫాదర్ గారి తర్వాత ఫోను ఆమెకే.

ఒకసారి పొందూరు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు, శవయాత్రలో ముందు నడిచి సిలువ ఎవరు పట్టాలని చొక్కాలు పట్టుకున్నారు. ఆమె గభాలున జపమాల ప్రార్థన ఎత్తుకుంది. జనమంతా మోకాళ్ళ మీదికి దిగారు. అన్నదమ్ములకూ దిగక తప్పలేదు. మోకాళ్ళ మీదున్నవాడు ఎవర్నని కొడతాడు? "నువ్వుంటే పోలీసులక్కర్లేదమ్మా" అని ఫాదర్ గారు నవ్వారు. ఆ మాట రాజకుమారి చాలా ఇళ్ళలో చెప్పుకుంది.

అందుకే గరివిడిలో సోములు పోయిన రోజు, పెద్దకొడుకు మురళీమోహన్ ఆమెను గుమ్మంలోనే పక్కకు పిలిచాడు. గుడి సంఘానికి పెద్ద ఆయన. తెల్లచొక్కా, మెళ్ళో సిలువ, మెత్తటి మాట.

"మా సెల్లి వస్తాది. యమున. మతం బయట పెళ్ళి సేసుకుని ఆమదాలవలసలో ఉన్నాది. అది వచ్చిందంటే రాగాలు తీసి నోటికొచ్చింది వాగుతాది. నాయన పరువు, మా పరువు రోడ్డున పడతాది. అది నోరిప్పితే మీరు పాట అందుకోవాలి. అంతే."

"అలాగే బాబూ" అంది రాజకుమారి. ఇలాంటి మాట వినడం ఆమెకు కొత్త కాదు.

సౌండు బాక్సులు శవం పెట్టెకు చెరోవైపు పెట్టించింది. సోములు పెట్టెలో మరీ చిన్నగా ఉన్నాడు. ఫ్యాక్టరీలో బస్తాలు మోసిన మనిషని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. చేతుల్లో జపమాల జారిపోతోంది. మురళీమోహన్ భార్య ఉష దూరంగానే నిలబడి, "నువ్వు సర్దప్పా, నాకు భయం" అంది.

రాజకుమారి వంగి ఆ చేతులు పట్టుకుంది. చొక్కా చేయి కొంచెం పైకి జరిగింది. మణికట్టు చుట్టూ, గాజు తొడిగినట్టు, నల్లగా కమిలిన గుర్తు. రెండో చేతికీ అంతే. చర్మం ఒరుసుకుపోయి ఎండి ఉంది.

ఆమె తలెత్తి చూసింది.

"సెలైన్ సూదులు" అంది ఉష, అడక్కముందే.

సూది గుచ్చితే గుర్తు చుట్టూరా పడదని రాజకుమారికి తెలుసు. క్షణం ఆగింది. వాకిట్లో కుర్చీలు నిండుతున్నాయి. ఫాదర్ గారి బండి చప్పుడు వీధి మలుపులో వినిపించింది. చొక్కా చేయి కిందికి లాగి, జపమాలను ఆ గుర్తుల మీద గట్టిగా రెండు చుట్లు చుట్టి, సిలువను పైకి కనబడేలా పెట్టింది. తర్వాత వెళ్ళి కీబోర్డు ముందు కూర్చుంది.

యమున స్టేషన్ నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. బతుకుతెరువైన టిఫిన్ బండి దగ్గర కాలిన మచ్చలున్న చేతులు, నలిగిన చీర, చెదిరిన జుట్టు. వస్తూనే పెట్టె మీద పడింది.

"నాయనో... ఏ పాపం సేసినావని నాయనో... నులక మంచానికి కట్టేసినారు నాయనో... నీళ్ళు నీళ్ళని ఏడిస్తే..."

రాజకుమారి మరియతల్లి పాట ఎత్తుకుంది.

అది అందరికీ వచ్చిన పాట. ముందు వరసలో ముసలమ్మలు గొంతు కలిపారు, తర్వాత వెనకవాళ్ళు. యమున పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినబడడం లేదు. ఆమె ఆగింది. పాట అయ్యేదాకా ఓపిగ్గా, తండ్రి చెంప మీద చెయ్యి వేసి నిలబడింది. చివరి చరణం అయిపోయింది.

"కిటికీలోంచి సెంబు అందిస్తే మా వదిన లాక్కుని పారబోసినాది నాయనో... పక్క తడుస్తాదని..."

రాజకుమారి రెండో పాట మొదలుపెట్టింది. ఈసారి శబ్దం పెంచింది.

యమున గబగబా ఆమె దగ్గరకు వచ్చి, కీబోర్డు పక్కన కూలబడి రెండు చేతులూ జోడించింది. "అప్పా, నీ కాళ్ళకి దండం. నన్ను ఏడవనీయప్పా. ఒక్కపాలి ఆపవా."

రాజకుమారి ఆమె వైపు చూడలేదు. తలుపు దగ్గరున్న మురళీమోహన్ వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని, అందరితో పాటు పాడుతున్నాడు. రాజకుమారి మైకు నోటికి దగ్గరగా లాక్కుంది.

అప్పుడు యమున లేచి అరిచింది. "సేతులు సూడండి! సొక్కా ఎత్తి సూడండి, మీకు దండం పెడతాను!" జపమాల లాగబోయింది. నలుగురు ఆడవాళ్ళు లేచి ఆమెను పట్టుకున్నారు. "పవిత్రమైన పాట జరుగుతన్నాది, ఏటిది? కూకో!" అని ఒకామె గదిమింది. "మతం ఇడిసినదానికి జపమాల విలువేటి తెలుస్తాది" అంది ఇంకొకామె. ఫాదర్ గారు లోపలికి వస్తూ ఈ పెనుగులాట చూసి తల అడ్డంగా ఊపారు. యమునను గోడవారకు లాక్కెళ్ళి కూర్చోబెట్టారు. తర్వాత ఆమె నోరిప్పలేదు.

సమాధుల తోటలో మురళీమోహన్ మాట్లాడాడు. నాయనను ఆఖరి రోజుల్లో చంటిబిడ్డలా చూసుకున్నామన్నాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. ఆయన సైగ చేస్తే రాజకుమారి ఆ మాటల వెనక సన్నగా రాగం వాయించింది.

అంతా అయ్యాక గేటు దగ్గర గంగరాజు అనే బంధువు ఆమె నంబరు అడిగాడు. "మా అమ్మ మంచంలో ఉన్నాదండి. మా ఇంటికాడా ఓ సిన్న కోడలున్నాది, నోరుగలది. మీలాటోళ్ళే కావాలి." తల్లి ఇంకా బతికే ఉందన్నమాట. రాజకుమారి నంబరు ఇచ్చింది.

గరివిడి స్టేషన్లో బెంచీ మీద యమున ఒక్కతే కూర్చుని ఉంది. తప్పించుకు పోదామనుకుంది రాజకుమారి. కానీ కాళ్ళు అటే వెళ్ళాయి. పక్కన కూర్చుంది. "ఇప్పుడు సెప్పమ్మా. నానింటాను" అంది.

"నీకు సెప్తే ఏటొస్తాది? మా నాయన మట్టిలోకి ఎల్లిపోనాడు. ఇనాల్సినోళ్ళు భోజనాలకి ఎల్లిపోనారు."

"నాను సూసినానమ్మా. ఆ సేతులు."

యమున మెల్లగా ఇటు తిరిగింది.

"సూసినావా?"

"పెట్టెకాడ. జపమాల సర్దినపుడు."

"సూసి పాడినావా?"

తిడుతుందనుకుంది రాజకుమారి, కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది. యమున లేచి ఆమె ఎదుట నిలబడి, కొంగు నడుముకు దోపుకుని, రాగం అందుకుంది.

"నాయనో... కట్టిన గుర్తులు కళ్ళారా సూసినాది నాయనో... పూసల కింద దాసినాది నాయనో... నా ఏడుపు నీ సెవిన పడకుండా పాడినాది నాయనో... ఈ రాజకుమారప్ప నాయనో..."

స్టేషన్లో జనం పోగయ్యారు. సంచులు దింపుకుని నిలబడ్డారు. ఎవరో ఫోనెత్తి వీడియో తీశారు. యమున ఏదీ వదల్లేదు. మంచం, నులక, నీళ్ళు, తలుపు మూసిన అన్న, ఒక్కొక్కటీ పేరుపెట్టి ఏడ్చింది. ప్రతిదాని చివరా మళ్ళీ రాజకుమారి దగ్గరకే వచ్చింది. ఒళ్ళో కీబోర్డు సంచి పెట్టుకుని రాజకుమారి మొత్తం విన్నది. లేచి వెళ్ళడానికి మధ్యలో దారి కూడా లేదు.

పలాస ప్యాసింజరు వచ్చింది. యమున ముఖం తుడుచుకుని ఎక్కేసింది. ఆ బండిలో వెళ్ళాల్సిందే అయినా రాజకుమారి ఎక్కలేకపోయింది. జనం ఆమెనే చూస్తున్నారు. తల దించుకుని బస్సుల వైపు నడిచింది.

ఆ వీడియో నాలుగు ఊళ్ళు తిరిగింది. ఫాదర్ గారు కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. మురళీమోహన్ గుడి సంఘం పెద్దగానే ఉన్నాడు. చెల్లికి మతి చలించిందని చెప్పాడు, నమ్మేవాళ్ళు నమ్మారు.

ఇక తనను ఎవరూ పిలవరనుకుంది రాజకుమారి. నెల తిరక్కుండానే, తల్లి పోయిందని గంగరాజు ఫోన్ చేశాడు. వీడియో చూశాడట. చూశాకే, ఇంకెవర్నీ అడక్కుండా ఆమెకు చేశాడట. ఆమె వెళ్ళింది. చిన్నకోడలికి నోరుందని చెప్పారు గానీ, పాపం, గొంతు లేదు. ఒక్క పాట సరిపోయింది.