నీళ్ళ అడుగు బొమ్మ

మా తమ్ముడు పోయాడని మొట్టమొదట నోరు తెరిచి అన్నది నేనే. ఎవరో ఒకరు అనాలి కదా! వచ్చినవాళ్ళందరూ "దొరుకుతాడమ్మా, ధైర్యంగా ఉండు" అని నా భుజం తట్టి, అటు తిరిగి గుసగుసలాడుకుంటుంటే ఒళ్ళు మండిపోయింది. తెల్లవారకముందే జలాశయంలో వల వెయ్యడానికి వెళ్ళాడు. వెనకే గాలివాన విరుచుకుపడింది. ఆ తర్వాత పడవ లేదు, మనిషి లేడు. ఇంక అర్థం కానిదేముంది? "పోయాడు. వాణ్ణి బయటికి తీసి నాకిచ్చెయ్యండి, చాలు" అన్నాను.

మా మరదలు మాత్రం ఒప్పుకోలేదు.

"నీళ్ళలో లేడు వదినా. నా మీద అలిగి పోయాడు. ఆ పొద్దున నేను నానా మాటలూ అన్నాను. కోపం దిగితే తనే వస్తాడు."

"పడవేసుకుని అలుగుతారటే ఎవరైనా?"

"మీ తమ్ముడు అలుగుతాడు."

అదీ నిజమే. ముక్కు మీద కోపం లేనివాళ్ళు మా ఇంట్లో పుట్టలేదు.

వెతికేవాళ్ళు మూడు రోజులు వెతికారు. ఇక మా వల్ల కాదని తాళ్ళు చుట్టేసుకున్నారు. పైన కురిసిన వానకి జలాశయం నిండిపోయిందనీ, సాయంత్రం గేట్లు ఎత్తుతారనీ కబురొచ్చింది. గేట్లెత్తితే అడుగున ఉన్నది అడుగున ఉండదు. ఎక్కడికి కొట్టుకుపోతుందో ఆ దేవుడికే తెలియాలి. నేను పరిగెత్తుకెళ్ళి గజఈతగాడి చెయ్యి పట్టుకున్నాను. "ఇన్ని నీళ్ళలో ఎక్కడని దూకమంటావు తల్లీ? ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించు, దూకుతాను. గేట్లెత్తేదాకా ఇక్కడే ఉంటా" అన్నాడు. మంచివాడే. అయినా ఆ క్షణంలో వాణ్ణి కూడా తిట్టాను.

నాది పడవ మోటార్లు బాగుచేసే షెడ్డు. బల్ల మీద ఎవరో బిగించమని ఇచ్చిపోయిన చేపలు వెతికే మిషన్ ఉంది. అరచెయ్యంత తెర, దానికి పొడుగాటి వైరు, వైరు కొసన సబ్బుబిళ్ళంత నల్లటి ముక్క. ఆ ముక్కనే ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. దాన్ని పడవ వెనక, నీళ్ళలో మునిగేలా బిగిస్తే కిందికి శబ్దం పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి అడుగు ఎలా ఉందో తెర మీద గీస్తుంది. చేపల కోసం చేసిన వస్తువు. నాకు కావలసింది మునిగిన పడవ. పరాయి సొమ్మని ఒక్కసారి అనుకున్నాను. అడిగితే కాళ్ళు పట్టుకుందాంలే అని అట్టపెట్టె చింపేశాను.

వలలు అల్లే మామ తన చిన్న అల్యూమినియం పడవని ఒడ్డుకి లాగి పెట్టాడు. అల్యూమినియం అంటే పలుచటి రేకు. దానికి ఇష్టమొచ్చినట్టు చిల్లులు పొడవకూడదు. నీటిమట్టానికి పైన రెండే రెండు చిల్లులు వేసి, వాటికి మొదట ఒక ప్లాస్టిక్ పలక బిగించి, ఆ ముక్కని పలకకి బిగించాలి. చోటు తప్పినా పలకకే చిల్లు, పడవకి కాదు. మా నాన్న నేర్పిన పద్ధతి. షెడ్డంతా తిరగేశాను. పలక ఒక్కటీ లేదు. చేతికందిన డబ్బాని గోడకేసి కొట్టాను.

మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇంట్లోకి వెళ్ళి, కూరలు తరుక్కునే తెల్లటి ప్లాస్టిక్ పలక తెచ్చి నా ముందు పెట్టింది. దాని నిండా కత్తిగాట్లు, ఓ మూల పసుపు మరక.

"తీసుకో వదినా. అడుగున లేడని నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని. నేనూ వస్తా."

"రావద్దు."

"వస్తా."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నాకు అలాంటి వినేవాడు ఈ జన్మలో దొరకలేదు. డ్రిల్లు తీశాను.

చిల్లులు వేసి, నీళ్ళు కారకుండా సిలికాన్ పూసి, నట్లు బిగించాను. సిలికాన్ ఆరడానికి ఒక పగలు కావాలి. పగలెక్కడుంది? నీటికి పైనేగా, కారినా చావంలే అనుకున్నాను. ముక్కని పలకకి బిగించి, వైరుని బ్యాటరీకి కలిపాను. ముగ్గురం ఎక్కాం. మామ మోటారు తాడు లాగాడు.

తెర వెలిగింది. అంతే, తెరంతా చుక్కలు, గీతలు. అడుగూ లేదు, పాడూ లేదు. దరిద్రపుగొట్టు మిషన్! పిడికిలి ఎత్తాను కూడా.

"కొట్టకే తల్లీ, దాని తప్పేముంది" అన్నాడు మామ. "ఎక్కడ బిగించావో చూడు. రేకులు అతికే ఆ రివిట్ల వరస వెనకాల పెట్టావు. పడవ కదిలితే ఆ రివిట్ల మీంచే బుడగలు లేస్తాయి. బుడగల్లో దానికేం కనబడుతుంది?"

ఇన్నేళ్ళుగా గిరాకీలకి నేను చెప్పే మొదటి పాఠమే అది. రివిట్ల వెనక పెట్టొద్దు, మోటారు పంకా దగ్గర పెట్టొద్దు అని గొంతు చించుకునేదాన్ని. ఇవాళ నా కళ్ళకే కనబడలేదు. ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు. ఒడ్డుకి తిప్పించాను. ముక్కని ఊడదీసి, అదే పలక మీద జానెడు పక్కకి, రేకు నున్నగా ఉన్న చోటుకి జరిపి, పడవ అడుగుకంటే వేలెడు కిందికి ఉండేలా మళ్ళీ బిగించాను. పొద్దు అప్పటికే పడమటికి వాలింది.

ఈసారి అడుగు కనబడింది. మెత్తటి బురద, మధ్యమధ్య రాళ్ళు, చేపలు తగిలిన చోట చిన్న వంపు గీతలు. తమ్ముడు వల వేసే చోటు మామకి తెలుసు. అక్కడ అటూ ఇటూ, పొలం దున్నినట్టు, మెల్లగా నడిపాడు. నేను తెర వదలలేదు. మరదలూ వదలలేదు. నేను ఉండాలని చూస్తున్నాను, అది ఉండకూడదని చూస్తోంది. ఒకే తెర, ఇద్దరి తలలూ ఆనుకునేంత దగ్గరగా ఉన్నాయి. దాని ఊపిరి నా చెంపకి తగులుతోంది.

"అదేంటి వదినా?"

బురద మీద ఒక మిట్ట. రాయి ఇంత తిన్నగా ఉండదు. ఒక కొస పైకి, ఒక కొస కిందికి, మోటారు బరువుకి వెనక్కి కూర్చున్నట్టు. మామ మోటారు ఆపి లంగరు వేశాడు.

"పడవ" అన్నాను.

మరదలు నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "వద్దు వదినా, ఈతగాణ్ణి పిలవొద్దు. పోదాం పద, నీకు దండం పెడతాను."

అప్పుడు తెలిసింది, దానికీ మొదటినుంచీ తెలుసని. దాన్ని గుండెకి అదుముకున్నాను. అదుముకునే ఒడ్డు వైపు చెయ్యి ఊపాను. గజఈతగాడు ఇంకో పడవలో వచ్చాడు. వేలు పెట్టి చూపించాను. దూకాడు.

ఎంతసేపో తెలియదు. మరదలు నా ఒడిలో తల పెట్టుకుని ఏడుస్తోంది. "ఆ పొద్దున అన్నం కూడా పెట్టలేదు వదినా. ఆకలితో పోయాడు." నేను దాని వీపు నిమురుతూ ఉన్నాను. ఏడవనీ, ఇవాళైనా ఏడవనీ, రేపు బతకగలుగుతుంది అనుకున్నాను. ఎవరేమన్నా మనిషి చేతికి దొరికితే ఒక దారి. దొరకనివాడితో ఎన్నేళ్ళని కాపురం చేస్తుంది?

గజఈతగాడు పైకి తేలి పడవ అంచు పట్టుకున్నాడు. ఊపిరి అందాక నా వైపే చూసి చెప్పాడు.

"మీవాడి పడవే తల్లీ. మోటారుంది, వలుంది. మనిషి లేడు."

"సరిగ్గా చూశావా? పడవ కింద? వల్లో?"

"అంతా తడిమాను. వల ఒకచోట కోసి ఉంది."

"తెగి ఉందా, కోసి ఉందా?"

"కోసినట్టే ఉంది. కత్తితో."

మరదలు లేచి కూర్చుంది. మొహం నిండా నీళ్ళే, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. "చెప్పానా? వదినా, చెప్పానా లేదా? కోసుకుని బయటపడ్డాడు!"

మామ నా వైపు చూశాడు. వల కోసుకుని బయటపడ్డవాడు ఇన్నాళ్ళూ ఇంటికి రాకుండా ఎక్కడుంటాడని ఆ చూపు. వల విడిపించుకున్నంత మాత్రాన ఆ గాలివానలో ఒడ్డు చేరతాడా అని కూడా. నాకు తెలియదా? చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇది జీవితాంతం వాడి కోసం గుమ్మంలోనే కూర్చుంటుంది.

గేట్ల దగ్గర సైరన్ మొదలైంది. ఒడ్డునున్నవాళ్ళు వచ్చెయ్యమని కేకలేస్తున్నారు. మామ లంగరు లాగాడు. మోటారు వెయ్యకముందే పడవ తనంతట తాను కదిలింది.

"బతికే ఉన్నాడు కదా వదినా?"

"ఉన్నాడే" అన్నాను.

దాన్ని ఊరుకోబెట్టడానికి అనలేదు. శవం దొరకలేదని నా ఒళ్ళంతా సంతోషంతో వణుకుతోంది. మరదలు నా చెయ్యి వదలకుండా, దగ్గరవుతున్న ఒడ్డు మీద నిలబడ్డ మగవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. సిగ్గులేకుండా నేనూ చూస్తున్నాను.